మన్యంలో పశువు, కేజీహెచ్‌లో మనిషి

పాడేరు, అరకు ప్రాంతాల్లో పశువుల నుంచి మనుషులకు సోకే ఆంత్రాక్స్ రోగం మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంది. అక్కడ పశువు చనిపోవడానికీ, దాని మాంసం కోసిన మనిషి చేతిమీద నొప్పిలేని నల్లటి పక్కుతో విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే కేజీహెచ్‌కు రావడానికీ మధ్య సాధారణంగా కొద్ది రోజుల ఎడమే ఉంటుంది. అయినా మొదటిది పశుసంవర్ధక శాఖ దస్త్రంలో, రెండోది ఆసుపత్రి దస్త్రంలో చేరుతుంది. మనుషుల ఆరోగ్యాన్నీ ప్రకృతి ఆరోగ్యాన్నీ కలిపి చూసే ఉమ్మడి పరిశోధన మన దగ్గర ఇక్కడి నుంచే మొదలుకావాలని నా అభిప్రాయం.

ఈ రోగానికి మూలం నేలలో ఉంది. బతికున్న పశువు ఒంట్లో ఈ రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి సిద్ధబీజాలుగా, అంటే ఏళ్ల తరబడి చావని గట్టి రూపంలోకి, మారదు. కళేబరాన్ని కోసి, రక్తానికి గాలి తగిలినప్పుడే మారుతుంది, ఆ తర్వాత మట్టిలో దశాబ్దాలపాటు నిలిచి, మేతతోపాటు మరో పశువు నోట్లోకి వెళ్తుంది. అందుకే కళేబరాన్ని కోయకుండా, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలని పశువైద్యులు చెబుతారు. ఎద్దే ఆస్తిగా బతికే కుటుంబానికి ఈ సలహా ఎంతవరకు మింగుడుపడుతుందన్నది మాత్రం వైద్యులు ఒక్కరే తేల్చగలిగిన ప్రశ్న కాదు. (1876లో ఈ సూక్ష్మజీవే రోగకారణమని నిరూపించిన రాబర్ట్ కాఖ్ మనుషులకు వైద్యం చేసే డాక్టరే. శాఖల మధ్య గోడలు అప్పటికింకా ఇంత ఎత్తుకు లేవలేదేమో.)

గోడలు దాటితే ఏం తెలుస్తుందో రాబందుల ఉదంతం చూపింది. పశువులకు నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని పక్షిశాస్త్రవేత్తలు, పశువైద్యులు కలిసి 2004లో తేల్చారు. 2006లో భారతదేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఆ తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి, కళేబరాలను తినేసే రాబందులు కనుమరుగై అవి కుళ్లిపోతూ ఉండిపోయిన కారణంగా 2000-2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని 2024లో అంచనా వేశారు. పక్షుల లెక్క, మందుల అమ్మకం, జిల్లాల మరణాల రికార్డులు ఒక్కచోటికి రాకపోతే ఆ సంఖ్య ఎవరికీ అంతుపట్టేది కాదు.

మన్యానికి కావలసింది అంతకన్నా చిన్న పని. పశువులను పాతిన చోట్లు, టీకాలు వేసిన నెలలు, సంతకు వెళ్లిన పశువులు, రోగుల ఊళ్లు ఒకే పటం మీదికి రావాలి. ఆంధ్ర వైద్య కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయం, పశుసంవర్ధక, అటవీ శాఖలు కలిస్తే ఆ పటం గీయడం కష్టమేమీ కాదు. చచ్చిన పశువు సంగతి ముందుగా చెప్పిన రైతుకు నష్టపరిహారం ఎంత ఇస్తే కళేబరం కత్తి దాకా వెళ్లకుండా ఆగుతుందో కూడా అదే బృందం పరీక్షించి చూడాలి.