అల్లూరు బావ రిసీవర్‌లో గుయ్యిమనే మోత

వాల్యూమ్ నాబ్ పూర్తిగా సున్నాకి తిప్పేసినా రెండు స్పీకర్లలోనూ గుయ్యిమని ఒకటే మోత. రేడియో పెడితే డయల్ వెనక దీపం వెలుగుతుంది గానీ స్టేషన్ ఒక్కటీ పలకదు. మా అల్లూరు బావ తన స్టీరియో రిసీవర్‌ని, అంటే రేడియో, ఆంప్లిఫైయర్ ఒకే పెట్టెలో ఉండే సెట్టుని, పాత దుప్పట్లో చుట్టి ఆటోలో నెల్లూరు మూలాపేటలో మా ఇంటికి తెచ్చినప్పుడు దాని పరిస్థితి ఇదీ.

"టౌన్లో ఒకాయనకి చూపించినా అబ్బాయా. ట్రాన్స్‌ఫార్మర్ వీక్ అయిపోయిందంట. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెడతానంటన్నాడు. నువ్వేమంటావ్?"

"ముందు గమ్మునుండు బావా, మూత తియ్యనీ" అన్నాను.

బావ 1981లో సౌదీలో, దమ్మామ్‌లో పని చేసేటప్పుడు కొన్నాడు దీన్ని. జపాన్ వాళ్ల తయారీ. ముందు అల్యూమినియం పలక, పైన చెక్క పెట్టె, పది కిలోల పైమాటే బరువు. ఆ బరువులో సగం ట్రాన్స్‌ఫార్మరే. అంత రాగి, అంత ఇనుము ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 'వీక్' అవడం నేనెప్పుడూ చూడలేదు. కాలిపోతే కాలిపోతుంది, వాసన వీధి చివరికి వస్తుంది. లేకపోతే పనిచేస్తుంది. నడుమ ఇంకో స్థితి లేదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఎక్స్ఛేంజి మొత్తం మైనస్ 48 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. ఏ మూల నుంచి కంప్లైంటు వచ్చినా మా సీనియర్లు ముందు పవర్ రూమ్‌లోకి నడిచేవాళ్లు. నాకూ అదే అలవాటైంది. పాత సెట్టు ఏది చేతికొచ్చినా ముందు పవర్ సప్లై, తర్వాతే మిగతాది. నెట్‌లో చాలామంది చెప్పేది వేరు: పాత సెట్టు దొరగ్గానే కెపాసిటర్లన్నీ, మా మెకానిక్కుల మాటలో కండెన్సర్లన్నీ, గంపగుత్తగా మార్చెయ్యమంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. బాగున్నవి పీకడంలో నలభై ఏళ్ల నాటి బోర్డు మీద రాగి ట్రాకులు లేచొస్తాయి. ఒక జబ్బు పోయి నాలుగు జబ్బులు తగులుకుంటాయి.

అసలు ఈ మోతే సగం విషయం చెప్పేస్తోంది. వాల్యూమ్ తిప్పినా మోత తగ్గలేదంటే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాత ఎక్కడో పుడుతోంది. రెండు చానళ్లలోనూ సమానంగా ఉందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి. ఆ ఉమ్మడి సొత్తు పవర్ సప్లై. మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి డయోడ్లు దాని కింది సగాన్ని కూడా పైకి తిప్పుతాయి కాబట్టి సెకనుకి 100 ఎత్తుపల్లాలు వస్తాయి. ఆ పల్లాలను పూడ్చాల్సినవి రెండు పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, ఒకటి ప్లస్ లైనుకి, ఒకటి మైనస్ లైనుకి. లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోయిన కెపాసిటర్ పూడిక పడిన చెరువు లాంటిది. కట్ట బయటికి ఎప్పటిలాగే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం నిలవవు.

నేరుగా ప్లగ్గు పెట్టలేదు. గుండు బల్బు, వంద వాట్లది, సీరీస్‌లో పెట్టిన బోర్డు ఒకటి ఉంది నా దగ్గర, సెట్టుకి పోయే కరెంటంతా ఆ బల్బు గుండానే పోవాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వెయ్యగానే బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి, కెపాసిటర్లు నిండేకొద్దీ తగ్గి, ఫిలమెంటు సన్నగా ఎర్రబడి నిలబడింది. అంటే లోపల షార్టు లేదు. షార్టుంటే అలాగే నిండుగా వెలుగుతూ ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ మీద వేసిన నింద అక్కడే కొట్టుకుపోయింది.

తర్వాత బల్బు తీసేసి, స్పీకర్లు విప్పేసి, మల్టీమీటర్ పట్టుకున్నాను. ప్లస్ లైను, మైనస్ లైను రెండూ డీసీలో 43 వోల్టుల దగ్గర. చూడ్డానికి జతగానే ఉన్నాయి. పూడకుండా మిగిలిన ఎత్తుపల్లాలు ఎంతో చూద్దామని మీటరును ఏసీలోకి తిప్పి అవే రెండు కెపాసిటర్ల మీద మళ్లీ పెట్టాను. ప్లస్ వైపు వోల్టులో పదో వంతు కూడా లేదు. మైనస్ వైపు ఒక వోల్టు పైన. పాటేదీ ఆడకుండా, ఖాళీగా ఉన్నప్పుడే అంత. దొంగ దొరికాడు.

ఇక్కడో జాగ్రత్త. ప్లగ్గు తీసినా ఆ కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. చాలామంది స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కెపాసిటర్‌కి మాత్రం మంచిది కాదు. వంద ఓమ్ల సిమెంటు రెసిస్టర్‌కి రెండు తీగలు అతికించి పెట్టుకున్నాను. దాన్ని కాసేపు ఆనించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెడతాను.

పాతవి 6800 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు. ఒకటే పోయినా జతగా మార్చాల్సిందే, ఇద్దరిదీ ఒకటే వయసు. నెల్లూరు వాళ్లకి ఇలాంటి సామాను కావాలంటే దారి ఒకటే: పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి రిచీ స్ట్రీట్. అక్కడా చూసి కొనాలి. ఒక కొట్లో ఇచ్చింది మరీ తేలిగ్గా ఉంది, పైన ప్లాస్టిక్ తొడుగు మీద అచ్చు అలికినట్టుంది. పాత సరుక్కి కొత్త తొడుగు వేసి అమ్మేవాళ్లుంటారు. తిరిగిచ్చేసి ఇంకో కొట్లో 63 వోల్టుల జపాన్ సరుకు తీసుకున్నాను. "ఇంత చిన్నవెందుకు సార్, ఇరవైరెండు వేల మైక్రోఫారడ్లది పెట్టండి, బేస్ అదరగొడుతుంది" అని పక్కనున్న కుర్రాడి సలహా. వోల్టులు పెంచితే నష్టం లేదు. మైక్రోఫారడ్లు మూడింతలు పెంచితే స్విచ్ వేసిన క్షణంలో బ్రిడ్జి మీదా, పవర్ స్విచ్ మీదా పడే దెబ్బ కూడా పెరుగుతుంది. అలాంటి స్విచ్ మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

కొత్తవి పాతవాటిలో సగం లావే. పాత క్లిప్పులో వదులుగా ఉంటే రబ్బరు షీటు చుట్టి బిగించాను. ప్లస్ మైనస్ కొసలు అతికించేముందు రెండుసార్లు చూసుకోవాలి, మైనస్ లైన్లో కెపాసిటర్ తలకిందులుగా ఉంటుంది, ప్లస్ కొస పోయేది గ్రౌండ్‌కి. మళ్లీ సీరీస్ బల్బు, మళ్లీ ఎర్రటి ఫిలమెంటు, తర్వాత నేరుగా కరెంటు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొన్ని మిల్లీవోల్టులే ఉందని చూసుకుని స్పీకర్లు తగిలించాను. కొన్ని సెకన్లకి లోపల స్పీకర్లను కలిపే రిలే టిక్కుమంది. మోత లేదు.

రేడియో మాత్రం మూగగానే ఉంది. దాని సప్లై వేరు: ఒక ట్రాన్సిస్టర్, దాని బేస్ కాలు దగ్గర వోల్టేజిని ఒక మట్టంలో నిలబెట్టే జీనర్ డయోడ్ ఒకటి. అక్కడ 13 వోల్టులు రావాలి, 6 వస్తోంది. జీనర్ పోయిందేమో అని బోర్డు నుంచి దాని ఒక కాలు లేపి చూశా, బాగానే ఉంది. పక్కనున్న చిన్న కెపాసిటర్‌దీ లేపి చూశా, అదీ బాగానే ఉంది. అప్పుడు లెన్సు కింద పెట్టాను. ఆ కెపాసిటర్ కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన జిగురు ఉంటుంది, కొత్తలో లేత పసుపు. వేడికి అది మాడి కాఫీ గింజ రంగుకి తిరిగింది. పక్క రెసిస్టర్ కాళ్ల మీదికి కూడా పాకి, ఒక కాలు పచ్చగా చిలుం పట్టింది. ఈ రకం జిగురు ముదిరాక కరెంటును తనలోంచి పోనిస్తుంది, లోహాన్నీ తింటుంది. ఓపిగ్గా వెదురు పుల్లతో గోకి, స్పిరిటుతో తుడిచి, ఆ రెసిస్టర్ మార్చాను. 13 వోల్టులు వచ్చాయి. మీడియం వేవ్‌లో 837 మీద విజయవాడ ఆకాశవాణి పలికింది. జీనర్ మార్చి, ట్రాన్సిస్టర్ మార్చి, జిగురును అలాగే వదిలేసే రిపేర్లు ఎన్ని జరిగి ఉంటాయో.

వెనక పలక మీద ఇంకో సంగతి ఉంది, అల్లూరు వెళ్లి చూశాక గానీ తేలలేదు. వోల్టేజి సెలెక్టర్‌లో 110, 120, 220, 240 ఉన్నాయి. అప్పట్లో సౌదీ ఇళ్లల్లో 127 వోల్టులు మామూలు. ఇండియాకి తెచ్చాక ఎవరో 220కి తిప్పి వదిలేశారు. మన లెక్క 230 అంటారు గానీ అల్లూరులో పొలాల మోటార్లు ఆగిన రాత్రి బావ వాళ్ల గోడ ప్లగ్గులో నా మీటరు 250 చూపించింది. అంటే లోపలి లైన్లన్నీ ఉండాల్సిన దానికంటే ఎనిమిదో వంతు ఎక్కువ మీద ఏళ్లుగా నడిచాయి. కెపాసిటర్లు ఆరిపోవడానికీ, రెసిస్టర్ పక్కన జిగురు మాడడానికీ ఆ వేడి చెయ్యి వేసే ఉంటుంది. ప్లగ్గు తీసి 240కి మార్చాను. మా ఇంట్లో 43 ఉన్న లైను ఇప్పుడు 40 లోపే ఉంటుంది. పాట శబ్దంలో తేడా ఎవరికీ తెలియదు.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: కెపాసిటర్లు, రెసిస్టర్, కొత్త ఫ్యూజు, స్పిరిటు అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే, చెన్నై చార్జీలు వేరే. బావ ఇప్పుడు బ్యాలెన్స్ నాబ్ తిప్పితే కరకరమంటోందని ఫోన్ చేస్తున్నాడు. కాంటాక్ట్ క్లీనర్ అయిపోయింది, మళ్లీ రిచీ స్ట్రీట్ వెళ్లినప్పుడు తెస్తానని చెప్పాను. అందాకా ఆ నాబ్ జోలికి పోవద్దన్నాను. పోతాడు.