డెలే ఏ2: జంతువుల పాఠాన్ని దాటేయకండి

స్పానిష్ భాషా పరీక్ష డెలేలో రెండో మెట్టు, ఏ2 రాశాను. ఫలితం వచ్చింది, 'ఆప్తో' (పాస్)! రెండు గ్రూపుల్లోనూ (చదవడం-రాయడం ఒకటి, వినడం-మాట్లాడటం ఒకటి) 50కి 30 అనే గీత దాటాను. చదవడం, వినడం పాత ప్రశ్నపత్రాలు చేస్తూ పోతే దారికొస్తాయి. నేను చెప్పదలచుకున్నది జంతువుల గురించి. చిన్న పాఠమే కదా అని అందరూ వదిలేసేది దాన్నే.

మనకు కుక్క వచ్చినా పుంజు వచ్చినా 'వచ్చింది' అంటే సరిపోతుంది. స్పానిష్‌లో కుక్కకు పెర్రో-పెర్రా, పిల్లికి గాతో-గాతా, అంతవరకు హాయిగానే సాగుతుంది. గుర్రం దగ్గర మగదానికి కబాయో, ఆడదానికి యేగువా అని వేర్వేరు పేర్లు. (ఎద్దు, ఆవు ఉన్న మనం దానికి సణగకూడదు.) జిరాఫీ మగదైనా 'లా హిరాఫా మాచో'యే ('లా' స్త్రీలింగ ఆర్టికల్, 'మాచో' అంటే మగ), విశేషణమూ స్త్రీలింగంలోనే: 'ఆల్తా' (పొడవైన). ఆడ మొసలి 'ఎల్ కొకొద్రీలో ఎంబ్రా' ('ఎల్' పుంలింగ ఆర్టికల్, 'ఎంబ్రా' అంటే ఆడ).

నాకు చిక్కుముడి విప్పింది గద్ద. ఫొటో వర్ణన సాధనకు మెక్సికో జెండా తీసుకున్నాను. నాగజెముడు మీద వాలి పామును పట్టుకున్న ఆ గద్దను 'ఎల్ ఆగిలా మెహికానా' అంటారు. ముందు పుంలింగపు ఎల్, వెనక స్త్రీలింగపు మెహికానా! సంగతేమిటంటే, 'ఆగిలా' స్త్రీలింగమే, కానీ ఆ మాటలో ఊనిక మొదటి 'ఆ' మీద పడుతుంది. 'లా' పక్కన అది నోటికి ఇబ్బంది కాబట్టి 'ఎల్' వచ్చి కూర్చుంది. లింగం అలాగే ఉంది. బహువచనంలో 'లాస్ ఆగిలాస్'. మధ్యలో విశేషణం దూరితే 'లా గ్రాన్ ఆగిలా'. 'ఈ గద్ద' అనాలంటే 'ఎస్తా ఆగిలా'. సాలీడు అరాన్యాకు ఊనిక రెండో అక్షరం మీద, అందుకే 'లా అరాన్యా'.

అప్పటినుంచి ఏ జంతువు పేరునూ ఒంటరిగా రాసుకోలేదు. ఆర్టికల్, ఒక విశేషణం, బహువచనం, అన్నీ ఒకే కార్డు మీద. తోటివాళ్లు పేజీలకు పేజీలు బట్టీ పడుతుంటే నాది నత్తనడకలా కనిపించింది, ఆ మాట మొహం మీదే అన్నారు కూడా. అననివ్వండి. నోటితో పైకి చదవకుండా కళ్లతో జాబితా తిరగేయడాన్ని నేను చదువు అనను. పరీక్షకుడి ఎదుట విశేషణం దానంతటది రావాలి, ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి ఉండదు.

రాయడం విభాగానికి రోజూ ఒక ఈమెయిల్ రాశాను, అంతే.

ఫొటోలో చేపలుంటే ఎక్కడున్నాయో చూడండి: నీటిలో ఈదుతుంటే పేసెస్, మార్కెట్ బల్ల మీద ఉంటే పెస్కాదో.