జీఐ పైపులు తీసి సీపీవీసీ: మూడు ఆదివారాల పని

మొదటి ఆదివారం

పొద్దున్నే వంటింటి నల్లా తిప్పితే మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తున్నాయని అమ్మ ఏడాదిగా అంటోంది. ట్యాంకు రెండుసార్లు కడిగించినా మార్పు లేదు. ఈ రోజు సింకు కింద జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) జానెడు ముక్క కోసి చూశాను. అర ఇంచు పైపులో పెన్సిల్ దూరేంత సందే మిగిలింది. చుట్టూ తుప్పు, దాని మీద బోరు నీళ్ల సున్నం. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. "ఇన్నాళ్లూ దీంట్లోంచి వచ్చినవేనా మనం తాగింది?" అంది అమ్మ. ఏం చెప్పను!

మాది నల్లగొండ. పైపు మారిస్తే తుప్పు పోతుంది గానీ బోరు నీళ్లలో కరిగున్న ఫ్లోరైడ్ పోదు. అందుకే వంటింటి లైను ఇకపై మున్సిపల్ నీళ్ల ట్యాంకు నుంచే విడిగా తెస్తున్నాను. బోరు నీళ్లు బాత్‌రూమ్‌కే.

రెండో ఆదివారం

ఏ పైపు అన్నదానికే సగం రోజు పోయింది. యూపీవీసీ (గట్టి పీవీసీ ప్లాస్టిక్) చవక, చల్లటి నీళ్లకు బాగుంటుంది, గీజర్ లైనుకు పనికిరాదు. పీపీఆర్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ పైపును దాదాపు 260 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. అతుకు గట్టిదే, కానీ ఆ మెషిన్ నా దగ్గర లేదు. హాక్సా బ్లేడు, సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) డబ్బాతో అయ్యే పని సీపీవీసీ, అంటే వేడి నీళ్లనూ తట్టుకునే రకం పీవీసీ. అదే ఖాయం చేశాను.

షాపులో రంగు చూసి కొనకండి, పైపు మీది అచ్చు చదవండి. సీపీవీసీకి ఐఎస్ (భారత ప్రమాణం) 15778, తాగునీటి యూపీవీసీకి ఐఎస్ 4985. ఐఎస్ 13592 ఉంటే అది డ్రైనేజీది. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది కాబట్టి, యూపీవీసీ కొనేవాళ్లు మూలన పడున్న పాత స్టాకు జోలికి పోవద్దు.

షాపాయన అంతా ఎస్‌డీఆర్ 11 తీసుకోమన్నాడు. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి కొలతను గోడ మందంతో భాగిస్తే వచ్చేది. అంకె తగ్గేకొద్దీ పైపు గోడ మందం పెరుగుతుంది. ముప్పావు ఇంచు సీపీవీసీ బయటి కొలత 22.2 మి.మీ. కాబట్టి 11లో గోడ 2 మి.మీ. పైచిలుకు, 13.5లో 1.6 చిల్లర. మా ట్యాంకు నుంచి నల్లాకు ఏడు మీటర్ల ఎత్తు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.7 కేజీ ప్రెషర్. దానికి 13.5 ధారాళంగా చాలు. వేడికి పైపు బలం తగ్గుతుంది కనుక గీజర్ లైనుకు మాత్రం 11 తెచ్చాను. బయటి కొలత ఒకటే, ఫిట్టింగులు రెండిటికీ సరిపోతాయి.

మూడో ఆదివారం

ఇంట్లో పాత సొల్యూషన్ డబ్బా సగం ఉంది కదా అని దాంతోనే మొదలుపెట్టాను. అది తేనెలా సాగుతోంది. రెండు ఎల్బోలు (మలుపు ముక్కలు) అతికించి నీళ్లు వదిలితే ఒకదాని దగ్గర చుక్క ఊరింది, తుడిస్తే మళ్లీ ఊరింది. కోసి చూస్తే పైపు ఎల్బోలోకి సగమే దిగింది. రెండు ఎల్బోలూ చెత్తలోకి. చిక్కబడ్డ సొల్యూషన్‌లో థిన్నర్ కలపొద్దు, డబ్బా పారేయడమే.

కొత్త డబ్బాతో పని ఇలా చేశాను: పైపును అడ్డంగా, వంకర లేకుండా కోసి, లోపలి అంచున పొట్టు గీకి, ఎంత దిగాలో పెన్నుతో గీత పెట్టాను. రెండు వైపులా పూసి, పావు చుట్టు తిప్పుతూ గీత దాకా నెట్టి, అరనిమిషం వదలకుండా పట్టుకున్నాను. వదిలేస్తే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది, నా రెండో జాయింటు అలాగే పోయింది. నల్లాలు వచ్చే చోట బ్రాస్ ఎల్బోలే వేశాను. టెఫ్లాన్ టేపును మర బిగిసే వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

ఎండ్ ప్లగ్గులు బిగించి రాత్రంతా లైను నింపి ఉంచాను. గోడ గాడి ఇంకా పూడ్చలేదు. తెల్లారి చూస్తే అంతా పొడిగానే ఉంది. మొదటి రెండు బకెట్లకు సొల్యూషన్ వాసన, మూడోదానికి పోయింది. ఆ నీళ్లన్నీ మొక్కలకు పోయకుండా బయట పారబోశాను.

బాత్‌రూమ్ జీఐ ఇంకా గోడలోనే ఉంది. దాన్ని కోయాలంటే టైల్స్ పగలాలి. అమ్మ ఒప్పుకోవట్లేదు.