మూడోసారికి కుదిరిన చైనీస్ వెజ్ ఫ్రై - నా అనుభవం

మాది శ్రీకాకుళం. ఫాస్ట్ ఫుడ్ బండి మీద వేసే వెజ్ ఫ్రై అంటే నాకు ప్రాణం, నూడుల్స్ కన్నా రైస్ కన్నా అందులో పడే కూరగాయలే ఇష్టం, కొరికితే కరకరమంటాయి గానీ పచ్చివాసన ఉండదు. మా అమ్మకి షుగర్ వచ్చాక రాత్రిపూట అన్నం తగ్గించి కూర ఎక్కువ తినమన్నారు డాక్టరు గారు, రోజూ అదే క్యాబేజీ ఇగురు అదే బీన్స్ వేపుడు, పాపం ఆవిడ మాత్రం ఎన్నాళ్ళు తింటాది. అందుకే ఇది ఇంట్లో నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

మొదటిసారి అస్సలు కుదర్లేదు. పొట్టి శ్రీరాములు మార్కెట్‌కి వెళ్ళి క్యాబేజీ, క్యారెట్, బీన్స్, క్యాప్సికం, ఉల్లికాడలు తెచ్చాను. కడిగి, ఆ తడి మీదే తరిగి, మనం వేపుడు చేసినట్టే నూనె కాగగానే మొత్తం ఒకేసారి మూకుట్లో పోసి ఉప్పు జల్లి మూత పెట్టేశాను. కాసేపాగి మూత తీస్తే అడుగున నీళ్ళే నీళ్ళు, అందులో సోయా సాస్ పోసేసరికి నల్లటి చారులా అయిపోయింది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఏటిరా ఇది, ఉడికినట్టూ నేదు, ఏగినట్టూ నేదు" అంది. తినేసింది గానీ నాకే మనసొప్పలేదు.

రెండోసారి మంట పెద్దది పెట్టి మూత మానేశాను. కొంచెం నయం, కానీ వెల్లుల్లి ముందే వేశానేమో మాడి చేదొచ్చింది, సాస్ సీసాల మూతలు తీసి కొలుచుకునేలోపు క్యాబేజీ మెత్తబడిపోయింది.

ఇలా కాదని ఒక సాయంత్రం బండి దగ్గర నిలబడి మొత్తం చూశాను. అతను ఒక్క ప్లేటుకి సరిపడా కూరే వేస్తాడు, అంతకుమించి వెయ్యడు. మంట కళాయి చుట్టూ పైకి లేస్తా ఉంటుంది, గరిటె అంచుతో అడుగు గీకుతూ ఎగరేస్తూనే ఉంటాడు, ముక్క ఒక్క క్షణం కూడా ఒకచోట ఆగదు. అడిగితే "తడి ఉండకూడదన్నా, తడుంటే ఉడికిపోద్ది, ఏగదు" అన్నాడు. ఆ మాటతో నాకు విషయం దొరికింది. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కదా, అడుగున నీరు నిలిచినంతసేపూ కూర ఆ వేడి దాటదు, ఉడుకుతూనే ఉంటుంది. ముక్క పొడిగా ఉంటే కాగిన నూనె నేరుగా తగిలి అంచులు ఎర్రబడతాయి, ఆ కమ్మటి పొగవాసన పడుతుంది. దక్షిణ చైనాలో కాంటన్ వైపు వాళ్ళు దీన్నే వోక్ హే అంటారట, మూకుడి ఊపిరి అన్నట్టు. ఎంత మంచి మాటో! మనం ఇగురులో ఉప్పేసి మూత పెట్టేదే కూరలో నీరు దిగాలని, ఇక్కడ ఆ నీరే దిగకూడదు.

మూడోసారి ఆదివారం పొద్దున్నే కూరగాయలు కడిగి పాత నూలు పంచె మీద ఆరబెట్టి ఫ్యాన్ వేశాను. క్యారెట్, బీన్స్ ఏటవాలుగా పల్చగా తరిగాను. చిన్న గిన్నెలో 2 స్పూన్ల సోయా సాస్, 1 స్పూన్ వెనిగర్, అర స్పూన్ కార్న్‌ఫ్లోర్, 4 స్పూన్ల నీళ్ళు, కాస్త మిరియాల పొడి కలిపి స్టవ్ పక్కనే పెట్టుకున్నాను. పంచదార కూడా వేస్తారు గానీ అమ్మ కోసం మానేశాను. ఉప్పు విడిగా అక్కర్లేదు, సోయా సాస్‌లోనే బోలెడు ఉంటుంది. టేస్టింగ్ సాల్ట్ (అజినమోటో) కూడా వెయ్యలేదు, సోయా గింజలు పులిసేటప్పుడు ఆ రుచి దానంతటదే వస్తుంది.

నాన్‌స్టిక్ ఈ మంటకి పనికిరాదు, పూత పాడైపోద్ది, అందుకే అమ్మమ్మ నాటి ఇనప మూకుడు తీశాను. బాగా కాల్చి, నూనె తిప్పి, సగం కూరే పట్టుకున్నాను. ముందు బీన్స్, క్యారెట్, ఓ నిమిషానికి క్యాబేజీ, క్యాప్సికం, అవి సగం వేగాక మధ్యలో చోటు చేసి వెల్లుల్లి, అల్లం. చుయ్ మనే చప్పుడు ఆగకుండా వస్తూనే ఉండాలి, అది తగ్గిందంటే నీరు దిగుతున్నట్టే. గిన్నె అడుగున పిండి పేరుకుంటుంది కాబట్టి సాస్ మళ్ళీ ఓసారి కలిపి మూకుడి అంచు వెంట పోశాను, అర నిమిషంలో ముక్కలకి నిగనిగలాడుతూ పట్టేసింది. ఉల్లికాడలు జల్లి దింపేశాను. మొత్తం 4 నిమిషాలు పట్టిందేమో.

చైనా వాళ్ళు చివర్లో నువ్వుల నూనె చుక్కలు వేస్తారు, అది వేయించిన నువ్వులతో తీసింది, మన గానుగ నూనె పచ్చి నువ్వులది, ఆ వాసన రాదు. అందుకని నువ్వులు దోరగా వేయించి, నువ్వుగుండకి దంచినట్టు కచ్చాపచ్చాగా దంచి పైన జల్లాను.

రెండో సగం మూకుట్లో వేసి తిప్పుతుంటే హాల్లోంచి అమ్మ ఖాళీ ప్లేటు పట్టుకుని వచ్చి నిలబడింది. "ఇంకా ఉందేటిరా?"