జాయినింగ్ డేట్ లేని ఆఫర్ లెటర్

24 జూన్ 2009, బుధవారం, అమీర్‌పేట

బుధవారం వచ్చిందంటే మా హాస్టల్లో హిందూ పేపరు కోసం పోటీ. మిగతా రోజుల్లో ఈనాడు తప్ప ఇంకో పేపరు ముట్టని వాళ్లు కూడా ఇవాళ టిఫిన్‌కి ముందే కిందికి దిగి హాస్టల్ ఆంటీ దగ్గర చేరతారు, ఉద్యోగాల ప్రకటనల పేజీలు వచ్చేది ఈ రోజే కాబట్టి. ఇవాళ నాకంటే ముందే ఎవరో తీసుకున్నారు, నా చేతికి వచ్చేసరికి రెండు ప్రకటనలు కత్తిరించి ఉన్నాయి. మిగిలినవాటిలో ఇంజినీరింగ్ కాలేజీల ఫ్యాకల్టీ పోస్టులకు ఎంటెక్ కావాలి, సాఫ్ట్‌వేర్ వాటికి మూడేళ్ల అనుభవం, ఐదేళ్ల అనుభవం. బీటెక్ 2009 పాసైన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అమ్మాయిని రమ్మన్నది ఒక్కటే, అది కాల్ సెంటర్ నైట్ షిఫ్ట్. అది కూడా రాసుకున్నాను. అక్కడ పనిచేసే వాళ్లూ కష్టపడే సంపాదిస్తున్నారు కదా, చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

నా దగ్గర ఆఫర్ లెటర్ ఉంది. ఈ మాట ఈ మధ్య ఎవరికీ చెప్పడం లేదు, చెబితే వెంటనే "మరి ఇంకేం?" అంటారు. ఏమీ లేదు. పోయిన ఆగస్టులో, ఫోర్త్ ఇయర్ మొదలైన కొత్తలో, క్యాంపస్‌కి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, రెండు ఇంటర్వ్యూలు పెట్టి మమ్మల్ని తీసుకుంది, సాయంత్రం పేర్లు చదువుతుంటే మా క్లాసులో సగంమంది ఏడ్చారు సంతోషంతో. అమ్మ ఊరంతా పేడాలు పంచింది. తర్వాత నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. అప్పుడు మాకు ఆ పేరు పలకడం కూడా సరిగ్గా రాలేదు, దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాకు న్యూయార్క్‌లో ఒక బ్యాంకు మునిగితే ఏంటి అనిపించింది. ఇప్పుడు బాగానే అర్థమైంది. ఇక్కడి కంపెనీలకు పని వచ్చేదే అక్కడి బ్యాంకుల నుంచి, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి. వాళ్లు కొత్త ప్రాజెక్టులు ఆపేస్తే మాదాపూర్‌లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మాదాపూర్‌లో ఉన్నవాళ్లకే పని లేకపోతే మమ్మల్ని పిలిచి ఎక్కడ కూర్చోబెడతారు.

దాని మీద జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దెబ్బ. లెక్కల్లో మోసం జరిగిందని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం టీవీల్లో వస్తుంటే మా కాలేజీ క్యాంటీన్లో ఎవ్వరూ మాట్లాడలేదు. 7,000 కోట్లకు పైగా లెక్కల్లో తేడా అంటే ఎంతో మాకు ఊహకు అందలేదు కానీ, అందులో పనిచేసే 50,000 మందికి పైగా ఉన్న ఉద్యోగుల్లో మా సీనియర్లు, చుట్టాలు, ఊరివాళ్లు ఉన్నారని మాత్రం అందరికీ తెలుసు. ఏప్రిల్లో టెక్ మహీంద్రా తీసుకున్నాక కొంచెం ఊపిరి వచ్చింది, మొన్ననే పేరు కూడా మహీంద్రా సత్యం అని మారింది. ఈ జూన్‌లోనే వేలమందిని వర్చువల్ పూల్ అని పెట్టి, తక్కువ జీతంతో ఆరు నెలలు ఇంట్లో ఉండమన్నారు. ఉద్యోగం ఉన్నట్టా లేనట్టా అది? అయితే ఆరు నెలలు అని ఒక గడువైనా చెప్పారు వాళ్లకి, మాకు అది కూడా లేదు.

మా లెటర్లో జాయినింగ్ డేట్ దగ్గర "తర్వాత తెలియజేస్తాం" అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, వ్యాపార అవసరాన్ని బట్టి అని. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే వెంటనే ఒక మెయిల్ వస్తుంది, మీ మెయిల్ అందింది, త్వరలో సంప్రదిస్తాం అని. అది మనిషి రాసేది కాదని మొదటిసారే అర్థమైంది, అయినా ఇన్‌బాక్స్‌లో ఆ పేరు కనిపించగానే ప్రతిసారీ గుండె దడ దడ కొట్టుకుంటుంది.

అన్నిటికంటే నాకు కడుపు మండేది వేరే. మా కాలేజీలో ఒకరికి ఒకటే ఉద్యోగం అని రూలు. ఒక కంపెనీలో సెలెక్ట్ అయితే తర్వాత వచ్చే దేనికీ కూర్చోనివ్వరు, అందరికీ అవకాశం రావాలని. మంచి సంవత్సరాల్లో అది న్యాయమైన రూలే, నేనూ ఒప్పుకుంటాను. కానీ నవంబర్లో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ వచ్చింది, చెర్లపల్లి వైపు, జీతం తక్కువే, కానీ నేను చదివిన ఈసీఈకి సరిగ్గా సరిపోయే పని. అప్పటికే మా లెటర్ల మీద అనుమానాలు మొదలయ్యాయి. ప్లేస్‌మెంట్ సార్‌ని అడిగితే "నీకు వచ్చింది కదమ్మా, వేరేవాళ్ల నోటి దగ్గరది లాక్కుంటావా" అన్నారు. ఏం మాట్లాడను? అందులో చేరిన ఇద్దరూ ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నారు, నాకు వాళ్ల మీద ఏమీ లేదు, చాలా కష్టపడే పిల్లలు. కానీ ఉందో లేదో తెలియని కాగితాన్ని ఉద్యోగం కింద లెక్కపెట్టి నిజంగా ఉన్న ఉద్యోగం ముందు తలుపేయడం ఎలా న్యాయమవుతుందో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.

పదకొండింటికి నెట్ సెంటర్‌కి వెళ్లాను. మాతోపాటు సెలెక్ట్ అయిన వేరే కాలేజీల వాళ్లందరం ఒక యాహూ గ్రూప్ పెట్టుకున్నాం. జూలైలో ఒక బ్యాచ్‌ని పిలుస్తారట, కాదు అక్టోబరట, ట్రైనింగ్ చెన్నైలోనట, పర్సెంటేజీ ప్రకారం పిలుస్తారట. ఎవరో ఒకరు "మా అన్న ఫ్రెండ్ అక్కడే చేస్తాడు, అతను చెప్పాడు" అని మొదలుపెడతారు, సాయంత్రానికి అందరూ దాన్నే నమ్ముతారు, నేనూ నమ్ముతాను, రాత్రికి ఇంకొకరు కాదంటారు. ఇవాళ ఒకమ్మాయి విజయవాడ నుంచి రాసింది: "ఎవరైనా నిజం తెలిస్తే చెప్పండి, లేదంటే లేదనైనా చెప్పండి, నేను బ్యాంక్ కోచింగ్‌లో చేరాలా వద్దా తేల్చుకోవాలి" అని. దాని కింద ఒక్క జవాబూ లేదు. నేను నా నంబరు ఇచ్చి, తెలియదు కానీ కోచింగ్‌లో చేరిపో, కంపెనీ పిలిస్తే అప్పుడు చూసుకుందాం అని రాశాను.

మధ్యాహ్నం ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి హైటెక్ సిటీ దాకా వెళ్లి అక్కణ్నుంచి షేర్ ఆటోలో మాదాపూర్. వాక్-ఇన్, అంటే నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ, ఉందని ఎస్సెమ్మెస్ తిరుగుతోంది నిన్నటి నుంచి, అసలు ఉందో లేదో కూడా అనుమానమే, కానీ ఉంది. మేం వెళ్లేసరికే క్యూ గేటు దాటి రోడ్డు మలుపు దాకా వచ్చేసింది. ఎండ జూన్ చివరిలా లేదు, మేలో ఉన్నట్టే ఉంది, నీడ కోసం అందరూ గోడకి ఆనుకుని ఫైళ్లు తల మీద పెట్టుకున్నారు. సెక్యూరిటీ అన్న ఒక అట్టపెట్టె పట్టుకొచ్చి, ఫ్రెషర్స్ అంతా రెజ్యూమెలు ఇందులో వేసి వెళ్లిపోండి, ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లు మాత్రం ఉండండి అన్నాడు. లైన్లో సగంపైనే కదలకుండా నిలబడ్డారు. అప్పుడు తెలిసింది నా ముందూ వెనకా ఉన్నవాళ్లు నా బ్యాచ్ వాళ్లు కారని, రెండేళ్లు మూడేళ్లు పనిచేసి ఉద్యోగాలు పోయినవాళ్లని. వాళ్లు ఫ్రెషర్ జీతానికే వస్తామంటుంటే, ఆరు నెలలు ట్రైనింగ్ ఇచ్చి నన్నెందుకు తీసుకుంటారు? నా వెనక నిలబడ్డ ఆవిడ పాపని అత్తగారి దగ్గర వదిలి వచ్చిందట, నీళ్ల బాటిల్ ఇచ్చి నాతో "నువ్వు చిన్నదానివమ్మా, నీకు టైముంది" అంది. ఆమెకి రావాలని మనసారా అనుకున్నాను.

టైము నాకూ అంత లేదు. ఎడ్యుకేషన్ లోన్ షరతు ప్రకారం కోర్సు అయ్యాక ఏడాదికి, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకి, ఏది ముందైతే అప్పటి నుంచి కిస్తీలు. నాకు వచ్చే వేసవి దాకా గడువు. ఇంకో లెక్క కూడా ఉంది, పాసైన సంవత్సరం. ప్రకటనల్లో "2009 వాళ్లు మాత్రమే" అని ఉన్నప్పుడు మనకి మేలే, 2010 బ్యాచ్ బయటికి వచ్చాక అదే మాట మనల్ని పక్కకి తోసేస్తుంది. 2008లో పాసై ఇంకా తిరుగుతున్న అక్కలు మా హాస్టల్లోనే ఉన్నారు, వాళ్లు ఈ మాట బయటికి అనరు.

పక్క రూములో టెస్టింగ్ చేసే అక్క ఉండేది, మార్చిలో ఆమె ఉద్యోగం పోయింది. బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా, ఉన్నవాళ్లని పిలిచి వాళ్లంతట వాళ్లే రాజీనామా చేసినట్టు రాయించుకున్నారట. ఇప్పుడు ఆమెకి మైత్రీవనం దగ్గర ఒక కన్సల్టెన్సీ వాడు ఇంకో రెండేళ్లు కలిపి రెజ్యూమె తయారుచేస్తానంటున్నాడు, నాకైతే ఏకంగా మూడేళ్లు పెడతానన్నాడు, లేని కంపెనీ పేరుతో జీతం చీటీలతో సహా. చాలామంది పెడుతున్నారు, పెట్టినవాళ్లలో కొంతమందికి వచ్చాయి కూడా. నేను పెట్టను. దొరికిపోతామన్న భయం ఒక్కటే కాదు, ఇవాళ గోడకి ఆనుకుని నిలబడ్డ ఆవిడ నిజంగా చేసిన మూడేళ్లనీ ఎవరూ నమ్మకుండా చేసేది ఈ దొంగ మూడేళ్లే.

అమెరికా సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ "బావని అడుగు" అంటారు. బావ డల్లాస్‌లో కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో ఉన్నాడు, ప్రాజెక్టు అయిపోయి, ఒకే గదిలో నలుగురు, వంట వంతులవారీగా. నన్ను అక్కడికి రప్పించడం మాట అటుంచి, తనే టికెట్ ధరలు చూస్తున్నాడు. పోయిన ఏడాది ఏప్రిల్లో హెచ్1 ఉద్యోగ వీసాల కోటా వారం తిరక్కుండా నిండిపోయి లాటరీ తీశారు, ఈసారి జూన్ అయిపోవస్తున్నా ఇంకా ఖాళీలున్నాయి. ఇక్కడ అందరం వీసా దొరకదని బాధపడేవాళ్లం, ఇప్పుడు వీసా ఉంది, పిలిచేవాళ్లు లేరు.

రాత్రి నాన్న ఫోన్. ముందు నేనే అడిగాను వాన పడిందా అని. "యాడిది బిడ్డా, మిరుగు పోయింది, ఆరుద్ర వచ్చింది, మబ్బు పడ్తది పోతది. పత్తి ఇత్తనాల పాకిట్లు ఇంట్లనే ఉన్నయి" అన్నాడు. పొడి దుక్కిలో పెట్టినవాళ్లవి మొలవలేదట, మళ్లీ కొనాలి. నా గురించి అడగలేదు, అమ్మ పక్క నుంచి అడిగించబోతే "ఊకో" అన్నాడు, వినిపించింది. అమ్మ ఫోన్ తీసుకుని ఇంకో సంగతి చెప్పింది, నల్గొండ నుంచి ఒక సంబంధం వచ్చిందట, అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని అత్తమ్మ చెప్పేసిందట. నేను వద్దన్నాను. ఉద్యోగం లేదని వాళ్లకి చెప్పమన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే చెప్తా, నువ్వు టెన్షన్ పెట్టుకోకు, అన్నం తిన్నవా" అంది.

వాళ్లకి ఒక మంచి మాట కూడా చెప్పాను. ఎర్రగడ్డలో ఒక స్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పడానికి పిలిచారు, నెలకి 5,000. హాస్టల్ ఖర్చు వెళ్లిపోతుంది, నాన్నని అడగక్కర్లేదు. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటున్నారు, మధ్యలో మానేయకుండా. అది కుదరదని చెప్పాను. జీతం ఇచ్చి పని చేయించుకోవాలి గాని ఎవరి చదువునీ తాకట్టు పెట్టించుకోకూడదు. జిరాక్సులు ఇస్తాను, కంపెనీ పిలుపు వస్తే నెల ముందు చెప్పి వెళ్తాను, లేదంటే పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఉంటాను అని రాసిస్తానన్నాను. శుక్రవారం చెప్తామన్నారు.

పడుకునే ముందు మా ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాయడం పూర్తిచేశాను. మా జూనియర్లకి ఆగస్టులో క్యాంపస్ సెలక్షన్స్ మొదలవుతాయి, వచ్చేవే రెండో మూడో కంపెనీలు. అడిగింది ఇంతే: జాయినింగ్ డేట్ లేని ఆఫర్‌ని ప్లేస్‌మెంట్ కింద లెక్కపెట్టకండి, డేట్ వచ్చేదాకా ఆ పిల్లల్ని మిగతా కంపెనీలకి కూర్చోనివ్వండి, ఫలానా తేదీలోగా అవునో కాదో చెప్పాలని వచ్చిన ప్రతి కంపెనీ దగ్గరా రాయించుకోండి. మాకు ఇప్పుడు దీనివల్ల ఒరిగేదేం లేదు, కానీ వాళ్లకి ఇంకా నెల టైముంది. రేపు పొద్దున ప్రింట్ తీసి, హైదరాబాద్‌లో ఉన్న మా బ్యాచ్ వాళ్లతో సంతకాలు పెట్టించాలి, ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరిన ఇద్దరూ కూడా పెడతామన్నారు. శనివారం మేమే వెళ్లి ఆయన చేతికి ఇస్తాం.