మా ఎంజీబీ జీటీలోకి రోవర్ వీ8

ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో మా ఇంటి గ్యారేజీలో 1978 ఎంజీబీ జీటీ ఉంది, ఎంజీ కంపెనీ వాళ్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని పాత ఇంజిన్ దించేసి రోవర్ కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, వీ8 ఎక్కించాను. ఫొటోలు చూసినవాళ్లంతా ఎంత స్పీడు పోతోందని అడుగుతున్నారు. నాకేమో బరువు గురించి చెప్పాలని ఉంది.

ఎంజీబీలో వచ్చే 1798 సీసీ ఇంజిన్ మనకు తెలియనిదేమీ కాదు. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్, నాలుగు సిలిండర్లది. మన పాత పెట్రోలు అంబాసిడర్‌లో తిరిగిన 1489 సీసీ ఇంజిన్‌కి అన్న వరస. విజయవాడ ఆటోనగర్లో మా బాబాయి ఆ చిన్నదాన్ని విప్పి బిగిస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. గట్టి ఇంజినే, కానీ మొత్తం పోత ఇనుము.

1967లో ఎంజీ వాళ్లే ఈ బండిలో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి ఎంజీసీ అని అమ్మారు. అదీ ఇనుమే. ముందు చక్రాల మీద భారం పెరిగి, మలుపుల్లో బండి ముక్కు తిరగడానికి మొరాయించేది. 1969కల్లా ఆపేశారు.

రోవర్ వీ8 అల్యూమినియం. అమెరికాలో బ్యూయిక్ 1961 మోడల్ కార్లకు పెట్టి, కొన్నాళ్లకే వదిలేసిన డిజైన్‌ని రోవర్ కొనుక్కుంది. 3528 సీసీ ఉండి కూడా తూకంలో ఆ నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజిన్‌ని మించదు! కెన్ కాస్టెల్లో అనే ఆయన ముందు దీన్ని ఎంజీబీల్లో సొంతంగా అమర్చి అమ్మాడు. 1973లో ఎంజీ ఫ్యాక్టరీ కూడా 137 హార్స్‌పవర్‌తో జీటీ వీ8 తెచ్చింది. ఆ ఏడే చమురు సంక్షోభం. 1976 వరకు 2591 కార్లే తయారయ్యాయి. అంత మంచి బండికి అంత తక్కువ ఆయుష్షు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రబ్బరు బంపర్ల ఎంజీబీ అందంగా ఉండదని చాలామంది వద్దంటారు. నేను వెతికి మరీ అదే కొన్నాను. ఆ బాడీల్లో వీ8 పట్టేలా ముందు రేకుల్ని ఫ్యాక్టరీలోనే మలిచారు, కోతపని చాలా తప్పుతుంది.

వీడియో కాల్లో బాబాయికి చూపిస్తే, "బరువు పెరగదు సరేరా, మరి వేడి ఎటు పోద్ది?" అన్నాడు. అసలు కష్టం అక్కడే ఉంది. ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మడ్గార్డు లోపలి రేకుకీ మధ్య చెయ్యి దూరదు. ఒక పక్క స్టీరింగ్ షాఫ్ట్ కూడా ఉంటుంది. అందుకని 1993లో ఎంజీ వాళ్లు తెచ్చిన ఆర్‌వీ8 కారులో చేసినట్టు లోపలి రేకుకి దారి కోసి పైపుల్ని అటునుంచి బయటికి తీశాను. రేడియేటర్‌కి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు. ఇప్పుడు ట్రాఫిక్‌లో ఆగినా వేడి చూపే ముల్లు పైకి పోవడం లేదు.

కాస్టెల్లో కార్లకు కార్బురేటర్లు పట్టక బానెట్ మీద బుడిపె ఉండేది. ఫ్యాక్టరీ వాళ్లు రెండు కార్బురేటర్లనీ (ఎస్‌యూ కంపెనీవి) వెనక్కి జరిపి బానెట్‌ని చదునుగానే ఉంచారు. నేనూ ఆ దారే పట్టాను. ఆ గీతల అందం పాడుచేయడానికి నాకు మనసొప్పదు.

ఇంజిన్ కన్నా ముందే బ్రేకులకు మందం డిస్కులు, పెద్ద కాలిపర్లు వేయించాను. వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ గేరు నిష్పత్తి 3.9 నుంచి 3.07కి మార్చాను, లేకపోతే ఈ ఇంజిన్ లాగే బలానికి హైవే మీద ఊరికే అరుస్తుంది.

బ్రిటన్లో ఉన్నవాళ్లు ఇంజిన్ నంబరు, సీసీ మారిన సంగతి డీవీఎల్ఏకీ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) ఇన్సూరెన్స్‌కీ చెప్పి తీరాలి. ఈ పని మొదలుపెట్టాలనుకుంటే నాకు రాయండి. బండి ఏ ఏడాదిదో, బంపర్ క్రోమో రబ్బరో ముందే చెప్పండి, దాన్ని బట్టి పని సగం మారిపోతుంది.