ప వర్గం పలకని ఇరవై రోజులు

ఆ ఉదయం సింగరాయకొండలో మా ఇంట్లో పుక్కిలించిన నీళ్లు కుడి పెదవి మూల నుండి చొక్కా మీదికి కారాయి. అద్దంలో చూసుకుంటే కుడి కన్ను మూతపడడం లేదు. ఇంట్లో అందరూ పక్షవాతమని ఏడుపు మొదలుపెట్టారు. పసరు మందు పోయిస్తానన్న మా మేనమామ మాట వినకుండా ఆ రోజే ఒంగోలు వెళ్లడం నేను చేసిన మంచి పని.

డాక్టరుగారు నుదురు చిట్లించమన్నారు. కుడివైపు ముడత పడలేదు. మెదడులో దెబ్బ అయితే సాధారణంగా నుదురు కదులుతుందని, ఇది ముఖనాడి వాపు వల్ల వచ్చిన బెల్స్ పాల్సీ అని చెప్పి, చెవిలో పొక్కులున్నాయేమోనని చూశారు. ఉంటే ఆటలమ్మ వైరస్ తిరిగి లేచినట్లట. నాకు లేవు. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ఏళ్ల తరబడి నాడిలో అణగి ఉండి, ఎప్పుడో లేచి వాపు తెస్తుందని, చెవి వెనుక ఎముకలోని ఇరుకు దారిలో ఆ నాడి నలుగుతుందని వైద్యుల అనుమానం. 1996లో జపాన్ వైద్యులు 14 మంది రోగులను పరీక్షిస్తే 11 మంది నాడీద్రవంలో ఆ వైరస్ ఆనవాలు దొరికింది. "అయితే వైరస్ మందే ఇవ్వాలి కదా?" అన్నాను. ఆ మందు ఒక్కటే వాడితే లాభం లేదని, 72 గంటల్లోపు మొదలుపెట్టిన స్టెరాయిడ్‌తోనే మేలు కనిపించిందని 2007లో స్కాట్లాండ్ పరిశోధన తేల్చిందన్నారు. షుగర్ చూసి పది రోజులకు ప్రెడ్నిసలోన్ అనే ఆ స్టెరాయిడ్, కంటికి చుక్కలు, రాత్రికి రెప్ప మీద ప్లాస్టర్ రాశారు.

అసలు బాధ సెలవు కోసం వెళ్లిన కార్యాలయంలో పడ్డాను. సర్టిఫికెట్‌లో 'వైరల్' అన్న మాట చూడగానే గుమాస్తా దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, నన్ను గడప అవతల నిలబడమన్నాడు. "ఏం జబ్బు?" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పెదవులతో పలికే ఓష్ఠ్యాలు నేర్పిన తెలుగు మాస్టారి నోట "వెల్స్ ఫాల్సీ" అని వచ్చింది. "మాస్టారూ, పొద్దున్నే పడిందా?" అన్నాడు, నలుగురూ నవ్వారు. ఇది అంటుకునే జబ్బు కాదని చెప్పబోతే ఆ 'బ'లూ 'ప'లూ ఇంకా తేలిపోయాయి. కరోనా కాదని రాయించుకురమ్మని కాగితం తిప్పి పంపాడు. మీకెవరికైనా ఈ అవస్థ వస్తే, సర్టిఫికెట్‌లో 'ముఖనాడి వాపు' అని మాత్రమే రాయించుకోండి.

మూడో వారంలో రెప్ప మూతపడింది. 'పప్పు' అన్న మాట స్పష్టంగా పలికిన రోజున మా ఆవిడ రెండోసారి వడ్డించింది. సెలవు మంజూరు కాగితం నిన్న వచ్చింది. కారణం అన్న గడిలో గుమాస్తా గుండ్రటి అక్షరాలతో 'పక్షవాతం' అని రాశాడు.